జరీబులో రెండు లింకులు

సర్వే ఆఫీసుల జరీబు గుంజినోన్ని నేను.
ముప్పై ఒక్క ఏండ్లు ఒక కొస నా చేతిల,
ఇంకో కొస ఎవల చేతిలనో.
హైదరాబాద్ పడమటి దిక్కు బండలన్నీ
నా మోకాళ్లకు ఎరుకే.

పుప్పాలగూడ దాటినంక జోడు బండలుండేవి,
రెండేనుగులు తలకాయలు ఆనిచ్చుకొని
నిద్రవోయినట్టు.
నడుమ సందు. మనిషి అడ్డం తిరిగితే పట్టేంత.
అండ్లకు పోయే ముందు
ఎవల పేరు వాళ్లే పిలుసుకోవాలె అనేటోళ్లు.
బండ తిరిగి పలికితే పో.
పలుకకుంటే చెప్పులు చేతవట్టుకొని వెనుకకు మర్లు.

మేకల ఓదెలు పిలువలేదు.
పిలువలేదనే అందరు చెప్పిన్రు,
చూసినోడు మటుకు ఒక్కడు లేడు.
సీతాఫలాల కాలం. తప్పిన పిల్ల కోసం వంగి లోపటికి పోయిండు.
పొద్దుమీకి మేకలు వాటికవే ఇల్లువట్టినయి.
పొద్దున పోయినయి ఇరవై మూడు,
దొడ్లకు వచ్చినయి ఇరవై నాలుగు.
అట్లని ఒగలు. కాదు, పక్క మందదని ఒగలు.
కుక్క తొమ్మిది దినాలు సందు ముంగట కూసుందట,
పదో దినం అదీ లేదట.
దర్గా కాడ ఊదు వేసే జిలానీ మియా
"పత్థర్ కో భీ భూక్ లగ్తీ" అని గడ్డం నిమురుకున్నడు.
నార్సింగి ఠాణా జవాను టార్చి గొట్టి చూసి,
బీడి అంటించుకొని,
ఆచూకీ లేదని రాసుకొని పోయిండు.

కల్లు కాంపౌండ్ల ఇంకో మాట నడిచింది, లోగొంతుల:
నాంపల్లి టేషన్ల, బొంబాయి బండి కాడ,
ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఆడామె ఎంబడి
ఓదెలసొంటి వీపు కనవడ్డదని.

మరుసటేడు ఆ నంబరు కొలువవోయినం.
సందు ముంగట నిలవడి "పోచాలూ" అన్న.
"చాలూ" అన్నది బండ.
పోయేటప్పుడు నలభై ఒక్క లింకు, అంటే ఇరవై ఏడడుగులు.
వచ్చేటప్పుడు ముప్పై తొమ్మిది.
అదే జరీబు. అవే చేతులు. ఎండ గూడ అంతే.
వామన్‌రావు సారు ఇంకుపెన్ను జాడించి
నలభై అని రాసిండు.
కాయిదం మీద తప్పు లేదు.
నాకు మటుకు ఆ రాత్రి బువ్వ దిగలేదు.

ఓదెలు పెండ్లాం సాయవ్వకు చెప్పిన ఒకనాడు.
జొన్నలు చెరుగుతున్నది. చాట ఆపలేదు.
"బొంబాయి పోయిండంటే నేను ఇడిసిపెట్టిన ఆడిదాన్ని.
బండ మింగిందంటే, బండే నాకు బాకీ.
ఆ రెండు లింకులు ఆయనకే ఉండనియ్యి, పోచాలన్నా."

రోడ్డొచ్చింది. రేట్లొచ్చినయి.
మందు వెట్టే దినం ఊరంత తాడుకవతల నిలవడ్డది.
సాయవ్వ నీళ్ల సీసా వట్టుకొని వచ్చింది
ఎవరికో దూపయితదన్నట్టు.
పేలింది. దుమ్ము పండుకున్నది.
పలిగిన బండ లోపట కొబ్బరి తీరు తెల్లగ,
ఇంత తడిగ.
కట్టె లేదు, గొంగడి పీలిక లేదు, బొక్క లేదు.
తెరిచిన నోళ్లన్నీ మెల్లగ దగ్గరవడ్డయి.
సాయవ్వ కొంగు దులుపుకొని లేసింది:
"చూసిన్రా. ఈడ లేడంటే ఇంక లోపటికి పోయిండు."

ఇప్పుడాడ నలభై రెండంతస్తులు.
పార్సిళ్లు పంచే నా మనుమడు
బండి మీద తోలుకపోయిండు మొన్న.
నేల కింద నాలుగో అంతస్తు, కార్ల కొట్టం.
వాని ఫోన్ల నీలం చుక్క
ఎటు వోవాల్నో తెల్వక గిరగిర తిరుగుతున్నది.
"ఈడ సిగ్నల్ ఉండది తాతా" అన్నడు.
వాడు లిఫ్టెక్కినంక
రెండు కంబాల నడుమ నిలవడి నా పేరు పిలుసుకున్న.
ఏదీ పలుకలేదు.

జేబుల స్టీలు టేపుంది, మొదటి పెన్షన్ల కొన్నది.
ఒక కొస కంబానికి తలిగించిన,
పట్టెటోడు లేడు గద.
పోయేటప్పుడు ఇరవై ఏడడుగులు.
వచ్చేటప్పుడు కొలువలేదు.